బంక్ బెడ్ చేయించే ముందు ఒకసారి పైకి చూడండి

ప్రశ్న: మేం హైదరాబాద్ నిజాంపేటలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాం. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు నాలుగున్నర. ఇప్పటిదాకా నలుగురం ఒకే గదిలో పడుకుంటున్నాం. ఇక రెండో గది పిల్లలకిచ్చేసి, ఒకదాని మీద ఒకటి రెండు మంచాలుండే బంక్ బెడ్ చేయిద్దామనుకుంటున్నాం. డాలస్‌లో మా చెల్లి పిల్లలకు ఉంది. వీడియో కాల్‌లో చూసినప్పటి నుంచి మా పిల్లలిద్దరిదీ ఒకటే గోల. గది 10 అడుగులకు 11 అడుగులు, ఎత్తు తొమ్మిదిన్నర. ఒక గోడకు వార్డ్‌రోబ్, దాని పైన అటక ఉన్నాయి. పాప స్టడీ టేబుల్ కూడా అందులోనే పట్టాలి. 18 ఎంఎం ప్లైవుడ్‌తో చేస్తానని, పై మంచం 5 అడుగుల ఎత్తులో పెడతానని కార్పెంటర్ అన్నాడు. ఆన్‌లైన్‌లో ఇనుపవి అతను చెప్పిన ధరలో సగానికే దొరుకుతున్నాయి. పైన నేనే పడుకుంటానని బాబు పట్టు. మావారేమో "ఇంటర్లో రెండేళ్లు హాస్టల్లో పై మంచం మీదే పడుకున్నా, నాకేమైంది?" అంటారు. మా అత్తయ్యగారు ఊరి నుంచి వచ్చినప్పుడు పిల్లల దగ్గరే పడుకుంటారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఏది తీసుకోవాలి? ఏం చూసుకోవాలి?

సమాధానం: ఇప్పుడే వద్దండి. బాబుకు ఆరేళ్లు నిండేదాకా ఆగండి. ఆ తర్వాత కూడా ఆ గదిలో సీలింగ్ ఫ్యాన్ సంగతి తేలాకే చేయించండి. ఎందుకో చెప్తాను. ఈ ఏడాదిన్నర ఎలా గడపాలో కూడా చెప్తాను.

గది కొలతలు రాసి మంచి పని చేశారు. చాలామంది మంచం ఫొటో ఒకటి పంపి "ఇది బాగుందా?" అని అడుగుతారు. ఫొటోలో మంచం ఎప్పుడూ బాగానే ఉంటుంది. కాకపోతే ఫొటో మంచం దగ్గరే ఆగిపోతుంది. పైన కప్పు ఎంత ఎత్తులో ఉందో, దానికి ఏం వేలాడుతోందో అందులో కనపడదు. మన ఇళ్లలో అక్కడ వేలాడేది ఫ్యాన్.

మీరిచ్చిన కొలతలతోనే లెక్కేద్దాం. గది వెడల్పు 10 అడుగులు. ఫ్యాన్ నడిమధ్యలో ఉంటుంది కాబట్టి గోడ నుంచి దానికి 5 అడుగులు. మామూలు 48 అంగుళాల ఫ్యాన్ అయితే రెక్క కొస అక్కడి నుంచి 2 అడుగులు ఇవతలికి వస్తుంది. అంటే గోడకూ రెక్క కొసకూ మధ్య మిగిలేది 3 అడుగులే. మూడడుగుల పరుపు పట్టే మంచం చట్రంతో కలిపి 3 అడుగుల 3 అంగుళాలన్నా ఉంటుంది. రెక్క మంచం అంచు మీదుగానే తిరుగుతుందన్నమాట. మంచాన్ని రెండో గోడవైపు తిప్పినా కలిసొచ్చేది ఆరంగుళాలే.

ఇక ఎత్తు. కప్పు తొమ్మిదిన్నర అడుగులైతే, రాడ్డు పోను రెక్కలు ఎనిమిదిన్నర అడుగుల దగ్గర ఉంటాయి. పై మంచం 5 అడుగుల్లో, దాని మీద 5 అంగుళాల పరుపు. తొమ్మిదేళ్ల పిల్ల ఆ పరుపు మీద కూర్చుంటే తల ఏడడుగుల ఎనిమిది అంగుళాల దగ్గరికి వస్తుంది. పొద్దున్నే లేచి ఒళ్లు విరుచుకుంటూ చేతులు పైకెత్తిందంటే రెక్కల ఎత్తు దాటిపోతాయి. నిలబడితే ఇక చెప్పక్కర్లేదు. దుప్పటి విసిరితే అది రెక్కకు చుట్టుకోవడం మరో ప్రమాదం. "ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు చెయ్యెత్తకు" అని పగలు చెప్తే వింటారు. తెల్లవారుజామున నిద్రమత్తులో ఎవరు వింటారు?

24 అంగుళాల చిన్న ఫ్యాన్ పెడితే సరిపోతుందని కొందరు ఎలక్ట్రీషియన్లు చెప్తారు. మీ గదిలో సరిపోదు. దాని రెక్క కొసకూ మంచం అంచుకూ మధ్య తొమ్మిది అంగుళాలే దూరం ఉంటుంది, అది చెయ్యి చాపితే అందే దూరమే. ఫ్యాన్ హుక్కు స్లాబులోనే పోసి ఉంటుంది కాబట్టి పక్కకు జరపడం అద్దె ఇంట్లో కుదిరే పని కాదు. మిగిలిన దారి ఒక్కటే. సీలింగ్ ఫ్యాన్ తీసేసి, ఎదురు గోడకు తిరిగే వాల్ ఫ్యాన్ పెట్టించడం. పై మంచం మీద నుంచి చెయ్యి అందని చోట, వైరు వేలాడకుండా బిగించాలి. రెండు మంచాలకూ ఒకే ఫ్యాన్ గాలి సరిగ్గా అందదు కాబట్టి రెండు పెట్టాల్సి రావచ్చు. ఆ ఖర్చు, గోడకు డ్రిల్లింగ్ చేయడానికి ఓనర్ ఒప్పుకోవడం, ఇవన్నీ బంక్ బెడ్ ఖర్చులో భాగమే అనుకోండి. గదికి ఫాల్స్ సీలింగ్ కూడా ఉంటే ఎత్తు ఇంకా తగ్గుతుంది.

అటక ఉన్న గోడ సంగతి ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. అటక మామూలుగా 7 అడుగుల ఎత్తులో ఉంటుంది. దాని కింద పై మంచం వస్తే కూర్చోవడానికి మిగిలేది అడుగున్నర. లేచిన ప్రతిసారీ తల సిమెంటు అంచుకు కొట్టుకుంటుంది. ఆ గోడ వదిలేయండి.

ఇప్పుడు బాబు పట్టు దగ్గరికి వద్దాం. ఆరేళ్ల లోపు పిల్లల్ని పై మంచం మీద పడుకోబెట్టకూడదు. ఇది నా అభిప్రాయం కాదు. మీ చెల్లెలు ఉండే అమెరికాలో 2000 జూన్ నుంచి బంక్ బెడ్లకు కేంద్ర ప్రభుత్వ నిబంధనలున్నాయి. వాటి ప్రకారం ప్రతి మంచం మీద ఆ వయసు హెచ్చరిక అతికించాల్సిందే. కావాలంటే చెల్లెల్ని మంచం దగ్గరికెళ్లి చూడమనండి, ఆ స్టిక్కర్ ఉంటుంది. నాలుగున్నరేళ్ల పిల్లాడికి ఎక్కడం వస్తుంది, దిగడమే రాదు. పైగా మెట్టు ఎక్కడుందో చీకట్లో కాలితో వెతుక్కునే ఓపిక ఆ వయసులో ఉండదు. బాత్‌రూమ్ అర్జెంటైతే అసలే ఉండదు.

మరి పైన పాప, కింద బాబు పడుకుంటే? అదీ ఆలోచించాను. రాత్రిపూట పరవాలేదు. అయితే పిల్లలు పడేది నిద్రలోనే అనుకోకండి. ఆటలో పడేదే ఎక్కువ భయపెట్టేది. అక్క స్కూలుకు వెళ్లాక, మీరు వంటింట్లో ఉన్నప్పుడు, ఆ నిచ్చెన ఖాళీగా కనపడుతుంటే వాడు ఎక్కకుండా ఉంటాడా? రోజూ నిచ్చెన తీసి దాచేవాళ్లూ ఉన్నారు. పది రోజులు దాస్తారు, పదకొండో రోజు మర్చిపోతారు. నిచ్చెన లేకపోతే కుర్చీ లాక్కుని ఎక్కే పిల్లలూ ఉన్నారు.

మీవారి వాదనకు నేనివ్వగలిగిన జవాబు ఒకటే. హాస్టల్లో చేరేటప్పటికి ఆయనకు పదహారేళ్లు. పదహారేళ్లవాడు పడితే తిట్టుకుంటూ లేస్తాడు. ఆ మంచాల్లో చాలావాటికి సరైన రెయిలింగ్ కూడా ఉండేది కాదు, ఆయన్నే అడిగి చూడండి.

సరే, ఏడాదిన్నర గడిచింది, ఫ్యాన్ సంగతి తేలింది అనుకుందాం. అప్పుడు ఏం చూడాలో చెప్తాను. మీ పిల్లలకంటే పెద్ద పిల్లలున్న ఇళ్లవాళ్లకు ఇప్పుడే పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు రెయిలింగ్. దాని ఎత్తును పరుపు పైభాగం నుంచి కొలవాలి, కింది చెక్క నుంచి కాదు. పరుపు పైన కనీసం 5 అంగుళాలు రెయిలింగ్ నిలవాలని అమెరికా నియమం. అంతకంటే రెండు మూడు అంగుళాలు ఎక్కువుంటే నాకు ఇంకా నచ్చుతుంది. మన దగ్గర తప్పు జరిగేది ఇక్కడే. కార్పెంటర్ చెక్క నుంచి 11 అంగుళాలు లెక్కేసి రెయిలింగ్ కొడతాడు. 6 అంగుళాల పరుపు వేస్తే సరిగ్గా 5 మిగులుతుంది, బాగానే ఉంది. ఆ తర్వాత ఇంట్లోవాళ్లు ఆఫర్లో వచ్చిందని 8 అంగుళాల స్ప్రింగ్ పరుపు తెచ్చి వేస్తారు. మిగిలేది 3 అంగుళాలు. ఆ రెయిలింగ్ ఉన్నా లేనట్టే, నిద్రలో దొర్లితే దాని మీదుగానే పడిపోతారు. కాబట్టి పై మంచానికి 4, 5 అంగుళాల గట్టి ఫోమ్ లేదా కొబ్బరి పీచు పరుపు చాలు. పరుపు ముందు ఎంచుకుని, దాని మందం టేపుతో కొలిచి, అప్పుడు కార్పెంటర్‌కు లెక్క చెప్పండి. పరుపు చట్రంలో బిగుతుగా కూర్చోవాలి. పక్కల్లో చెయ్యి దూరేంత సందు ఉండకూడదు.

గోడవైపు రెయిలింగ్ ఎందుకండీ, గోడే ఉందిగా అని ప్రతి కార్పెంటరూ అంటాడు. ఒప్పుకోకండి. కింద స్కర్టింగ్ టైల్ వల్ల మంచం గోడకు పూర్తిగా ఆనదు. ఊడ్చి తుడిచేటప్పుడు రోజుకింత జరుగుతుంది కూడా. ఆ సందులోకి పిల్ల జారితే పక్కకు పడటం కంటే ప్రమాదం. గోడవైపు రెయిలింగ్ ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా ఉండాలి. ఇటువైపు నిచ్చెన దగ్గర మాత్రమే ఖాళీ వదలాలి, అదీ 15 అంగుళాలకు మించకూడదు. రెయిలింగ్ కమ్మీల మధ్య, చెక్కకూ రెయిలింగ్‌కూ మధ్య సందులు మూడున్నర అంగుళాల లోపే ఉండాలి. అంతకు మించితే ఒళ్లు జారి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. డిజైన్ పేరుతో గుండ్రాలు, నక్షత్రాలు కోసిన రెయిలింగ్‌లు చూడటానికి ముద్దుగా ఉంటాయి. వాటి కంతలు కూడా టేపు పెట్టి కొలవండి.

నిచ్చెన విషయంలో నాది కొంచెం పాతకాలపు పట్టుదల. గుండ్రటి ఇనుప గొట్టాల మెట్లు నాకు నచ్చవు. పాదాలకు నొప్పి, తడి కాళ్లకు జారుడు. అరికాలు ఆనేంత వెడల్పున్న చదునైన మెట్లుండాలి, ఒక్కో మెట్టుకూ మధ్య దూరం ఒకేలా ఉండాలి, పైన దిగేటప్పుడు పట్టుకోవడానికి పిడి ఉండాలి. నిచ్చెన కొక్కేనికి తగిలించి వదిలేయకుండా బోల్టుతో బిగించాలి. నిట్టనిలువుగా కాకుండా కాస్త వాలుగా ఉంటే ఇంకా మంచిది. సొరుగులున్న మెట్ల పెట్టె ఇంకా బాగుంటుంది, బొమ్మలూ బట్టలూ పడతాయి. అయితే అది మంచం పొడవుకు మరో అడుగున్నర కలుపుతుంది, మీ గదిలో తలుపుకు అడ్డం వస్తుందేమో చూసుకోండి. మెట్ల దగ్గర చిన్న నైట్ ల్యాంప్ తప్పనిసరి. దిగేటప్పుడు మొహం నిచ్చెన వైపే ఉండాలని పిల్లలకు మొదటి రోజే అలవాటు చేయండి.

18 ఎంఎం ప్లైవుడ్ సరైన మాటే. అడుగున అడ్డపట్టీలు ఎన్ని వేస్తాడో అడగండి, ఒక్క షీటు మీద వదిలేస్తే నాలుగేళ్లకు మధ్యలో వంగుతుంది. ప్లైవుడ్‌కు అక్కడక్కడా కంతలు పెట్టిస్తే పరుపుకు గాలి ఆడుతుంది. నిలువు కాళ్లకూ పక్క పట్టెలకూ కలిసే చోట ఈ కొస నుంచి ఆ కొసకు దూరే బోల్టులు ఉండాలి, స్క్రూలు సరిపోవు. పిల్లలు ఎక్కి దిగే ప్రతిసారీ మంచం కాస్త ఊగుతుంది. ఆ ఊపుకు స్క్రూ మెల్లగా కంత పెద్దది చేసుకుంటుంది, బోల్టునైతే మళ్లీ బిగించుకోవచ్చు. ఇదే కారణంతో చెక్క పొట్టు అతికించి చేసే పార్టికల్ బోర్డు బంక్ బెడ్ ఎంత చవకగా వచ్చినా వద్దంటాను. ఒకసారి స్క్రూ వదులైతే అందులో మళ్లీ పట్టు దొరకదు.

ఇనుప మంచం చెడ్డదేమీ కాదు. సగం ధర అంటే మాత్రం గొట్టం పలచనదై ఉంటుంది. పై రెయిలింగ్ రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపి చూస్తే తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో ఆ అవకాశం లేదు, అందుకే షాపుకెళ్లి చూడమంటాను. మీవారిని పైకెక్కి పడుకోమనండి, సేల్స్‌మన్ మొహం చూడండి. "వద్దు సార్" అన్నాడంటే మంచం సంగతి అతనికి తెలుసు. వెల్డింగ్ దగ్గర మొనలు తేలి ఉన్నాయేమో చేత్తో తడమండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉండేవాళ్లు తుప్పు గురించి కూడా ఆలోచించుకోవాలి. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) 2022లో బంక్ బెడ్లకు ప్రత్యేకంగా ఐఎస్ 17636 అనే ప్రమాణం తెచ్చింది. రెడీమేడ్ కొనేవాళ్లు ఆ నంబరుతో ఐఎస్ఐ మార్కు ఉందా అని అడగండి. కార్పెంటర్ చేసినదానికి ఏ ముద్రా ఉండదు, అక్కడ మీ చేతిలో టేపే మీకు ఆధారం.

పై మంచం 5 అడుగుల్లో అన్నాడు కదా, నాలుగున్నరకు దించమనండి. కింది పరుపు నేల నుంచి 16 అంగుళాల్లో ఉంటే, పైన చెక్క మందం పోను మీరు కింద కూర్చుని కథ చెప్పేంత జాగా ఇంకా ఉంటుంది. పైవాళ్లు కప్పుకు అంత దూరం అవుతారు.

ఎవరూ చెప్పని ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. పై మంచం మీద దుప్పటి మార్చడం ఒక వ్యాయామం. నిచ్చెన మీద నిలబడి అవతలి మూల పరుపు కిందకి దోపాలి, వారానికోసారి మీ నడుము గుర్తుచేస్తుంది. పిల్లకు జ్వరమొస్తే మీరు పక్కన పడుకోలేరు, ఆ రాత్రులకు కిందికి దింపాల్సిందే. మీది పై అంతస్తు ఫ్లాటైతే ఏప్రిల్, మే నెలల్లో స్లాబు వేడి సాయంత్రం నుంచి దిగుతూనే ఉంటుంది, ఆ వేడి ముందు తగిలేది పైన పడుకున్నవాళ్లకే. ఏసీ ఉంటే దాని గాలి సూటిగా మొహం మీదకు రాకుండా మంచం ఎటు పెట్టాలో చూసుకోండి. మంచానికి తాళ్లతో దోమతెర కట్టొద్దు. చున్నీలు, తువ్వాళ్లు, స్కిప్పింగ్ తాళ్లు రెయిలింగ్‌కు వేలాడదీయొద్దు, అవి మెడకు చుట్టుకోగలవు. దోమలకు కిటికీకి నెట్ కొట్టించండి.

ఇక ఇప్పటికి ఏం చేయాలంటే, ట్రండిల్ మంచం చేయించండి. మామూలు సింగిల్ మంచం కింద చక్రాల మీద ఇంకో పొట్టి మంచం ఉంటుంది, రాత్రి లాగి పరుచుకోవడం, పొద్దున్నే లోపలికి తోసేయడం. మీ గదిలో పగలంతా ఒక్క మంచం జాగానే పోతుంది, స్టడీ టేబుల్ నిక్షేపంగా పడుతుంది. పాప పైన, బాబు కింద. కింది మంచం నేలకు ఎనిమిది, పది అంగుళాల ఎత్తే కాబట్టి వాడు దొర్లి పడినా లేచి మళ్లీ పడుకుంటాడు. సీలింగ్ ఫ్యాన్ ముట్టుకోనక్కర్లేదు, ఓనర్‌ను అడగనక్కర్లేదు. కింది మంచానికి 4 అంగుళాల పరుపు మించితే లోపలికి పోదు, ఆ కొలత ముందే చెప్పండి. చక్రాలు రబ్బరువి వేయించండి, కనీసం రెండింటికి లాక్ ఉండాలి. ప్లాస్టిక్‌వి టైల్స్ మీద గీతలు పెడతాయి. అడుగున దుమ్ము బాగా చేరుతుంది, అది భరించాల్సిందే. కొత్త ప్లైవుడ్, పాలిష్ వాసన పోయేదాకా ఓ వారం కిటికీలు తీసి ఉంచి, తర్వాతే పిల్లల్ని పడుకోబెట్టండి.

అత్తయ్యగారు వచ్చినప్పుడు పాప మంచం ఆవిడకిచ్చి, పాపా బాబూ కింది మంచం, దాని పక్కన ఓ పరుపు సర్దుకోవచ్చు. బంక్ బెడ్ అయితే ఆవిడ కింది మంచం మీద తల వంచుకుని లేవాలి, మోకాళ్ల నొప్పులుంటే అదొక శిక్ష.

ఒక్క విషయం ముందే చెప్తాను. ఏ మంచం చేయించినా మొదటి నెల బాబు అర్ధరాత్రి మీ గదికే వస్తాడు. ఇన్నాళ్లూ మీ పక్కన పడుకున్నవాడు కదా. రెండు గదుల మధ్య తలుపు తీసే ఉంచండి, వచ్చినా తిట్టకండి.

పై మంచం కావాలని వాడు ఏడిస్తే రాత్రి మంచం లాగే డ్యూటీ వాడికే ఇవ్వండి. చక్రాలున్నదేదైనా ఆ వయసులో ఇష్టమే, పక్కన పెద్దవాళ్లు ఉంటే చాలు. "ఆరో పుట్టినరోజుకి బంక్ బెడ్ కొంటాం" అని మాత్రం మాటివ్వకండి. ఆ రోజు నుంచే లెక్కపెట్టడం మొదలుపెడతాడు. అప్పటికి ఓనర్ వాల్ ఫ్యాన్‌కు ఒప్పుకోకపోతే మళ్లీ నాకే ఉత్తరం రాస్తారు.